రియాద్ నుంచి హైదరాబాద్: రెండు బ్యాటరీల దూరం

రియాద్ విమానాశ్రయానికీ హైదరాబాద్ విమానాశ్రయానికీ మధ్య ఎంత దూరమని ఫోనులో వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చినవాళ్ళను ఎక్కువసేపు ఊరించను. గాలిలో దాదాపు మూడు వేల మూడు వందల తొంభై కిలోమీటర్లు. ఆ అంకె చాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఊపిరితిత్తులు సరిగా పనిచేయని మనిషిని వెంటబెట్టుకుని ఆ దూరం దాటాల్సినవాళ్ళు మాత్రం దయచేసి చివరిదాకా చదవండి. పోయిన ఫిబ్రవరిలో మా లింగన్నను ఇంటికి చేర్చడానికి నేను చేసిన ప్రయాణం అదే.

నేను ప్రొద్దుటూరువాడిని, పేరు బాషా. సౌదీలోని తబూక్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎవరి షిఫ్టు ఎప్పుడో, ఏ బండి ఎటు పోవాలో చూసే ఉద్యోగం. లింగన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఎడారిలో టైల్సూ మార్బులూ కోశాడు. కోసేటప్పుడు లేచే తెల్లటి దుమ్ముకు మూతికి తువ్వాలు చుట్టుకుంటే చాలనుకున్న మనిషి. ఆ చలికాలం క్యాంపులో పది మెట్లు ఎక్కడానికి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆ దుమ్మంతా లోపల పేరుకుపోయిందని, ఇకపై ఆక్సిజన్ పెట్టుకునే తిరగాలని డాక్టరు తేల్చేశాడు. కంపెనీ చేతిసంచిలో పట్టే ఆక్సిజన్ మిషన్ ఒకటి కొనిచ్చింది, కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల పనులు చూసే మందూబ్ తిరిగి తిరిగి, దేశం వదిలి పూర్తిగా వెళ్ళిపోవడానికి ఇచ్చే ఫైనల్ ఎగ్జిట్ కూడా కొట్టించాడు. ఎగ్జిట్ పడ్డాక అరవై రోజుల్లో దేశం దాటాలి. దాటడానికేముంది, విమానం ఎక్కడమే కదా అనుకున్నాం.

ఆ మిషన్ సంగతి కాస్త చెప్పాలి. ముక్కు దగ్గర సన్నటి పైపు ఉంటుంది, ఊపిరి పీల్చిన ప్రతిసారీ మిషన్ ఫుస్‌మని ఆక్సిజన్ వదులుతుంది. కరెంటు ప్లగ్గుతోనైనా నడుస్తుంది, బ్యాటరీతోనైనా నడుస్తుంది. లింగన్నకు ఇచ్చిన బ్యాటరీలు రెండు, ఒక్కోటి నాలుగు గంటలు వస్తుంది. మిషన్ ఆగిపోతే పావుగంటకల్లా ఆయన పెదాలు నల్లబడడం నేను కళ్ళారా చూశాను. కాబట్టి విమానంలో బ్యాటరీ అయిపోవడమంటే ఏమిటో మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

విమాన సంస్థవాళ్ళకూ ఆ భయమే. గాలిలో ఎంతసేపు ఉంటామో దానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ ఉంటేనే ఎక్కనిస్తారు, వెంట ఒక తోడు మనిషీ ఉండాలి. నాకు ఎలాగూ సెలవు ఉంది కనుక తోడు నేనన్నాను. అక్కడే ఆదిలోనే హంసపాదు పడింది. రియాద్‌లో మనవాళ్ళ దుకాణాలుండే బతా పేటలో మా క్యాంపువాళ్ళందరికీ టికెట్లు కొట్టే సలీం భాయ్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఫోను చేసి బాంబు పేల్చాడు.

"మెడికల్ డెస్కు వాళ్ళు నై బోల్దియే భాయ్. ఏడు గంటల సఫర్, పదిన్నర గంటల బ్యాటరీ చూపెట్టాలంట. మీ దగ్గర ఎనిమిదే ఉంది."

"ఏడు గంటలా? యాడ నుంచి వచ్చిందన్నా ఆ లెక్క?"

"టికెట్ మీదే ఉంది కదా! పొద్దున పదికి లేస్తది, నాలుగూ యాభైకి దిగుతది. లెక్కపెట్టుకో."

మూడో బ్యాటరీ కోసం అడిగితే విదేశం నుంచి రావాలి, రెండు నెలలు పడుతుందన్నారు. అప్పటికి ఎగ్జిట్ గడువు దాటిపోతుంది. అది మళ్ళీ కొట్టించుకోవచ్చు, అసలు భయం అది కాదు. ఇంకొక్కసారి ఛాతీకి జలుబు పట్టిందంటే లింగన్న విమానం ఎక్కే స్థితిలోనే ఉండడని డాక్టరు ముందే చెప్పాడు. తబూక్ చలి ఆ వారం ఎముకలు కొరుకుతోంది.

మెడికల్ ఫారంలో ఏడు గంటలని నింపింది సలీం భాయే, కానీ ఆ తప్పు ఒక్క ఆయనది కాదు, గల్ఫులో మన క్యాంపులన్నింటిదీ. బతా ఏజెంట్లు టికెట్టును వాళ్ళ సొంత కాగితం మీద ఒక్క పేజీకి కుదించి ఇస్తారు. లేచే టైము, దిగే టైము తప్ప మరేమీ ఉండదు. లేచేది సౌదీ గడియారం, దిగేది ఇండియా గడియారం. మధ్యలో రెండున్నర గంటల తేడా ఉందని ఎవరికీ పట్టదు. అందుకే ఇంటికి పోవడం ఏడు గంటలు, తిరిగి రావడం రెండు గంటలు అనేది క్యాంపులో అందరికీ తెలిసిన సత్యం. కారణం కూడా సిద్ధంగా ఉంది. మమ్మల్ని వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమానిని ఇక్కడ కఫీలు అంటారు, ఆయన్నూ అందులోకి లాగి లింగన్న ఎన్నోసార్లు చెప్పాడు.

"పొయ్యేటప్పుడు సామాన్ల బరువుకు ఇమానం మెల్లగ పోతది భాయ్. వచ్చేటప్పుడు కఫీలు తాడు గట్టి గుంజుకుంటడు. గందుకే జల్ది వస్తది."

రెండున్నర తీసేస్తే నాలుగు గంటల ఇరవై నిమిషాలని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఒక మనిషి ఊపిరిని కాకిలెక్కల మీద వదిలేయడానికి మనసొప్పలేదు. ఆ కాగితం మీద టైములే తప్పయితే? అందుకని దూరం నేనే కొలవాలనుకున్నాను. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని ఎలా కొలిచానో చెబుతాను.

ముందు నేనూ బోల్తా పడ్డాను. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకున్నాను. అడ్డంగా దాదాపు ముప్పై రెండు డిగ్రీలు, నిలువుగా ఎనిమిదికి కాస్త తక్కువ తేడా వచ్చింది. డిగ్రీకి నూట పదకొండు కిలోమీటర్లని బడిలో చెప్పింది గుర్తుంది. గుణించి, ఏటవాలు గీతకు లెక్క కడితే మూడు వేల ఆరు వందల ఇరవై దాకా వచ్చింది. ఇంటర్నెట్టులో చూస్తే మూడు వేల మూడు వందల తొంభై అంటోంది. రెండు వందల ముప్పై కిలోమీటర్లు ఎక్కడ మాయమయ్యాయో అర్థం కాక బుర్ర వేడెక్కి, పప్పులో వేద్దామని తెచ్చిన దోసకాయను చేతిలోకి తీసుకున్నాను. దానిమీద చారలు నడుము దగ్గర దూరదూరంగా ఉండి తొడిమ వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కదా, రేఖాంశాలూ అంతే. డిగ్రీకి నూట పదకొండు అనేది భూమధ్యరేఖ దగ్గర మాటే. హైదరాబాద్ దగ్గర అది నూట ఆరు, రియాద్ దగ్గర నూటొక్కటి. ఆ సవరణతో, గుండ్రటి నేల మీద రెండు చోట్ల మధ్య దారం బిగించి లాగితే ఎంత వస్తుందో చెప్పే సూత్రం ఒకటుంది, హేవర్‌సైన్ అంటారు. అందులో పెడితే ఇంటర్నెట్టు చెప్పిన సంఖ్యే వచ్చింది. దాన్ని గంటకు ఎనిమిది వందల యాభై కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఇంకో అరగంట కలుపుకుంటే నాలుగున్నర గంటలు. ఒకటిన్నర రెట్లంటే ఆరూ ముప్పావు. మా దగ్గర ఎనిమిది గంటలుంది!

తూర్పు తీరంలోని దమ్మాము నుంచి పోతే దగ్గర కదా అని కొందరు అడుగుతారు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు మూడు వేల నూట ఇరవై కిలోమీటర్లే, నిజమే. కానీ తబూక్ నుంచి దమ్మాముకు పోవడం రియాద్ కంటే మరో రెండు వందల యాభై ఎక్కువ. తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకోవడమే.

ఈ లెక్కంతా కాగితం మీద పెట్టి మెడికల్ డెస్కుకు రాశాను. గాలిలో ఉండేది ఎంతసేపో మీరే చూసి చెప్పండి అని అడిగాను. మర్నాడు జవాబొచ్చింది. నాలుగున్నర గంటలే, ఆరూ ముప్పావు గంటల బ్యాటరీ చెకిన్ దగ్గర చూపిస్తే చాలన్నారు. ఆ సంగతి సలీం భాయ్‌కు చెప్పాను. "ఇరవై సాల్ నుంచి ఇట్లనే రాస్తున్న భాయ్, ఒక్కడూ అడగలేదు" అన్నాడు. ఆయన్ను ఏమనగలను, నవ్వొచ్చింది. గుండెల మీది నుంచి బండరాయి దిగినట్టుంటే ఎవరి మీదా కోపం రాదు.

తబూక్ నుంచి రియాద్ వెయ్యీ డెబ్భై కిలోమీటర్లు, గంటా ముప్పావు. దీన్ని హైదరాబాద్ విమానంతో కలిపి ఒకే టికెట్టుగా తీసుకుంటే బ్యాటరీ లెక్క రెండింటికీ కలిపి చూస్తారు. అందుకే విడదీశాం. ముందు రోజు మధ్యాహ్నం మనిషికి మూడు వందల రియాళ్ళ టికెట్టుతో రియాద్ చేరి, రాత్రికి బతాలో ఆగాం. విమానాశ్రయం నుంచి బతాకు మెట్రో ఉంది, నాలుగు రియాళ్ళే, కానీ మధ్యలో ఒకసారి రైలు మారాలి. నడవలేనివాళ్ళుంటే ఎనభై రియాళ్ళు పెట్టి టాక్సీలోనే పోండి. మేం దిగింది నిజామాబాద్ నర్సయ్య నడిపే మెస్సు మీద ఉన్న గదిలో. ఇద్దరికీ నూట ఇరవై రియాళ్ళు, అన్నం అందులోనే.

గదిలో ప్లగ్గు ఒక్కటే. దానికి మిషన్ తగిలించి లింగన్నను పడుకోబెట్టాను. మిషన్లో ఉన్న బ్యాటరీ దాంతోనే నిండుతుంది. రెండో బ్యాటరీని దాని చార్జరుతో కింద వంటగదిలో పెట్టి, నర్సయ్యకు ఒకటికి రెండుసార్లు చెప్పి నిశ్చింతగా నిద్రపోయాను. పొద్దున నమాజు చేసుకుని కిందికి పోయి చూశాను. చార్జరు ప్లగ్గు కింద వేలాడుతోంది, దాని చోట గ్రైండరు ప్లగ్గు ఉంది. బ్యాటరీకి గంటకొకటి చొప్పున నాలుగు దీపాలుంటాయి, రెండే వెలుగుతున్నాయి.

"ఏందన్నా ఇది? తియ్యొద్దని చెప్పింటి గదా!"

"దోసెల పిండి రుబ్బద్దా భాయ్?" అన్నాడు నర్సయ్య చెయ్యి తుడుచుకుంటూ. "ఇయ్యాల శుక్రారం, ఐదొందల మంది తింటరు. నేను రాత్రే తీసిన. అది ఫోను చార్జరనుకున్న."

"ఫోను కాదన్నా, పైన పండుకోనుండే మనిషి ఊపిరి అది."

 నర్సయ్య చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు. తప్పు ఆయన ఒక్కడిదే కాదు, వంటగదిలో ప్లగ్గు వంటదే అవుతుందని నాకు తట్టి ఉండాల్సింది. నాలుగూ రెండూ ఆరు గంటలు. కావాల్సింది ఆరూ ముప్పావు. ముప్పావుగంట తక్కువైనందుకు చెకిన్ దగ్గర వెనక్కి పంపేస్తే మళ్ళీ ఎప్పటికో! లింగన్నకు చెప్పకుండా దాద్దామనుకున్నాను కానీ నా మొహం చూసి ఆయనే అడిగేశాడు. చెప్పక తప్పలేదు.

"గంతేనా? నువ్వు ఆగమాగం గాకు భాయ్. జెల్ది పోదాం. ఏర్‌పోర్టుల కరెంటు లేదా ఏంది?"

నర్సయ్య మా ప్రాణాల మీదికి తెచ్చిన ఆ పిండితోనే నాలుగు దోసెలు కాల్చి పొట్లం కట్టి, డబ్బు తీసుకోకుండా టాక్సీ దాకా వచ్చి మిషన్ సంచి తానే మోశాడు. దోసెలు బాగున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

టాక్సీ నడిపే ఆయన పెషావర్ వైపు పఠాన్. బ్యాటరీని మిషన్లో పెట్టి కారు ప్లగ్గుకు తగిలించుకోవచ్చా అని హిందీలో అడిగాను. లింగన్న ముక్కు దగ్గర పైపు చూసి, తన ఫోను చార్జరు పీకి అవతల పెట్టాడు. "చచా కో లగావో, మేరా ఫోన్ మర్నే దో" అన్నాడు, పెద్దాయనకు పెట్టు, నా ఫోను చస్తే చావనీ అని. నలభై నిమిషాల దారి. చార్జింగు ఎక్కుతోందో లేదో చూడడం తప్ప రియాద్ ఎలా ఉందో నేను చూడలేదు. విమానం పదికి, మేం ఏడు కాకముందే దిగాం. చెకిన్ లైనులో నిలబడకుండా ముందు ప్లగ్గు వెతుక్కున్నాను. చాలావాటి మీద జనం ఫోన్లు వేలాడుతున్నాయి. చివరికి ఒక కాఫీ కొట్టు పక్క స్తంభానికి ఖాళీది దొరికింది. రెండు కాఫీలు కొని అక్కడే కూర్చున్నాం. గంట గడిచాక మూడో దీపం వెలిగింది. అది వెలగడం చూసి నేను లేచి నిలబడితే పక్కనున్న పిల్లలు నావైపు వింతగా చూశారు. నాలుగూ మూడూ ఏడు గంటలు. కావాల్సినదానికి పావుగంట ఎక్కువే.

కౌంటరులో ఉన్నది ఒక సౌదీ అమ్మాయి. రెండు బ్యాటరీలూ చేతిలోకి తీసుకుని మీట నొక్కి దీపాలు లెక్కపెట్టింది. మెడికల్ డెస్కు ఉత్తరం చూసింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.  అంతా సరేనన్నట్టు "తమామ్" అని బోర్డింగు కార్డులు చేతిలో పెట్టి, వీల్‌చైర్ అబ్బాయిని పిలిచింది. వీల్‌చైరుకు డబ్బేమీ ఉండదు, రెండు రోజుల ముందు చెబితే చాలు. బ్యాటరీలు మాత్రం చెకిన్ సామానులో వేయకండి, చేతి సంచిలోనే ఉండాలి.

విమానం లేచాక పైలట్ గాలిలో మూడు గంటల యాభై ఐదు నిమిషాలని ప్రకటించాడు. నేను వేసిన లెక్క కంటే తక్కువే! ఎందుకో లింగన్నకు చెప్పాను. చలికాలం పైన గాలి పడమటి నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది, మనల్ని వెనక నుంచి తోస్తుంది.

"అంటే పొయ్యేదే తక్కువ సేపా?"

"అవున్నా. వచ్చేటప్పుడే గాలికి ఎదురొస్తాం, ఇంగా అరగంట ఎక్కువే పడతాది. రెండు గంటలనేది ఉత్తమాట. మన గడియారం కంటే ఇండియా గడియారం రెండున్నర గంటలు ముందుంటాది, అంతే."

లింగన్న కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే దగ్గొస్తుందని నాకు భయం, కానీ ఆపలేకపోయాడు. "అయితె గిన్నేండ్లు కఫీలును ఉత్తగనే తిట్టినమా భాయ్! ఆయన తాడు గుంజనే లేదు!"

మూడున్నర గంటలు దాటాక, అప్పటికి భారత్ నేల మీదికి వచ్చేశాం, మొదటి బ్యాటరీ కీచుమని హెచ్చరించింది. గేటు దగ్గర కూడా ప్లగ్గు మీదే ఉంచినా, విమానం ఎక్కే వరుసలో అది కొంత అరిగింది. మార్చడానికి అరనిమిషం చాలు, తబూక్‌లో ఎన్నోసార్లు మార్చాను. ఆరోజు మాత్రం తొందరలో దాన్ని తిరగేసి దూర్చబోయాను. లింగన్నే నా మణికట్టు పట్టుకుని, "నిమ్మలంగ బాషా భాయ్, నేను మంచిగున్న గద" అన్నాడు. రెండో బ్యాటరీ టక్కున కూర్చుంది, ఫుస్‌మంది. అంత తియ్యటి చప్పుడు నేను ఇంతవరకు వినలేదు. హైదరాబాద్ మీద దిగే వరుస రాక ఇరవై నిమిషాలు గుండ్రంగా తిప్పారు. దూరం లెక్కలో అలాంటివి రావు, ఆ ఒకటిన్నర రెట్లు ఎందుకు అడుగుతారో అప్పుడు తెలిసొచ్చింది. చక్రాలు నేలను తాకేసరికి రెండో బ్యాటరీలో ఇంకా రెండు దీపాలున్నాయి.

బయట ఆయన భార్య రాజవ్వ, అల్లుడు కారులో పెద్ద సిలిండరు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె ఏడుస్తుందేమోనని నేను పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె దగ్గరికొచ్చి ముక్కు దగ్గరి పైపు సరిచేసి, "నోరెందుకు తెరుస్తున్నవ్? ముక్కుతోటి గుంజు" అని గదమాయించింది. లింగన్న బుద్ధిగా నోరు మూసుకున్నాడు. కారు కదిలాక నేను ఖాళీ ట్రాలీ మీదే కూర్చున్నాను. ప్రొద్దుటూరు బస్సుకు ఇంకా టైముంది. ఇన్ని రోజులూ నేను ఎంత భయపడ్డానో అంతా అయిపోయాకగాని తెలియలేదు. అల్లాకు షుక్ర్ చెప్పుకుని, అక్కడే కూర్చుని మిగిలిన చల్లటి దోసె తిన్నాను.

రెండు ఊళ్ళ మధ్య దూరం ఎవరు కొలిచినా ఒక్కటే. దాన్ని దాటే మనిషిని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. నేను పదిసార్లు తిరిగిన దారే ఇది, ఎన్నడూ ఎంత దూరమని అడగలేదు, సినిమా చూస్తూ నిద్రపోయేవాణ్ణి. మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే నేను చెప్పేది ఒక్కటే. టికెట్టు మీది గడియారాలను నమ్మకండి. గాలిలో ఎన్ని గంటలో విమాన సంస్థ నుంచే రాతలో తీసుకోండి, ఆ లెక్కతోనే బ్యాటరీ కట్టండి, చార్జింగు పెట్టిన ప్లగ్గు దగ్గరే పడుకోండి.

సెలవు అయిపోయి తబూక్ వచ్చాక లింగన్న ఫోను చేశాడు. మాటల మధ్య మిషన్ ఫుస్‌మంటూనే ఉంది. ఆ పొద్దున సంచి భుజానికేసుకుని దుకాణం దాకా నడిచిపోయి బీడీ కట్ట కాదు, బెల్లం కొనుక్కొచ్చానని గొప్పగా చెప్పాడు.

"దుకాణం ఎంత దూరమన్నా?" అని అడిగాను.

"ఏమో భాయ్," అన్నాడు, "కొల్వలేదు."